నిషిద్ధాక్షరి – కథాక్రీడల సహవిమర్శ

1974లో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పాత్రధారణతో సాగే కథాక్రీడలకు ఆద్యం. ఇట్టి ఆటలను రచించే ఔత్సాహికులకు తోటివారి అభిప్రాయమే తొలి పరీక్ష. అయితే 'బాగుంది', 'బాగులేదు' అన్న తీర్పు రచయితకు దారి చూపదు. అష్టావధానంలోని నిషిద్ధాక్షరి ఇందుకు మెరుగైన నమూనా. అక్కడ పృచ్ఛకుడు పద్యాన్ని తూలనాడడు. అవధాని వేయబోయే అక్షరాన్ని ఊహించి నిషేధిస్తాడు. అర్థం, ఛందస్సు చెడకుండా అవధాని మరో మార్గం వెదకుతాడు. పృచ్ఛకునికీ ఛందోజ్ఞానం ఉంటేనే ఆ నిషేధం సార్థకం.

పోతిరెడ్డిపల్లి కార్మిక జీవితంపై ఒకరు ఆట రాశారనుకుందాం. రాత్రి షిఫ్టు ఘట్టంలో పాచిక పడగానే కథ ఆగిపోతే, సహవిమర్శకుడు చూపవలసింది ఆ నియమాన్ని, ఆగిన చోటును. ఒక భేదం మాత్రం ఉంది: అవధాని ఎదుటనే ఉండి సవరించుకొంటాడు, ఆటను రచయిత లేనిచోట ఇతరులు ఆడాలి. కనుక విమర్శకుడు నియమాలను చదివి కాక, ఆడి మాట్లాడాలి.