తాడు పట్టుకుని ఎక్కే కొండలు

అమెరికాలో స్కీయింగ్ అనగానే మనవాళ్లకు కొలరాడోలోని వేల్ లాంటి మహా రిసార్టులే గుర్తొస్తాయి. కానీ చేయి తిరిగిన స్కీయర్లు ఎందరో తయారైంది ఊరి పక్క చిట్టి కొండల మీదే. వెర్మాంట్ రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో మికీ, జిన్నీ కాక్రన్ దంపతులు 1961 ప్రాంతంలో ఇంటి వెనక వాలు మీద తాడు లిఫ్ట్ బిగించారు. వాళ్ల నలుగురు పిల్లలూ జాతీయ జట్టుకెక్కారు. వాళ్లలో బార్బరా ఆన్ 1972 సప్పోరో ఒలింపిక్స్ స్లాలమ్‌లో 0.02 సెకన్ల తేడాతో స్వర్ణం కొట్టింది. ఆమె చెల్లెలు లిండీ కొడుకు రయన్ కాక్రన్-సీగల్ సరిగ్గా యాభై ఏళ్లకు, 2022 బీజింగ్‌లో, సూపర్-జీ రజతం గెలిచాడు. ఒక్క పెరడు, రెండు తరాలు, ఒలింపిక్ పతకాలు! కోట్లు గుమ్మరించి కట్టిన రిసార్టులు ఈ పెరటి ముందు తల వంచాల్సిందే.

ఇదంతా వంశం గొప్పతనమని కొందరు తేల్చేస్తారు. మరి మిన్నెసోటాలోని బక్ హిల్‌కు ఏం చెబుతారు? హైవే పక్కన దాదాపు 300 అడుగుల గుట్ట అది. ఆస్ట్రియా నుంచి వచ్చిన కోచ్ ఎరిక్ సేలర్ అక్కడే లిండ్సే వాన్, క్రిస్టీనా కోజ్నిక్ లాంటి మేటి స్కీయర్లను తీర్చిదిద్దాడు. రెండు చోట్లా కిటుకంతా ఆ తాడు లిఫ్ట్‌లోనే ఉంది. 1934లో వెర్మాంట్‌లోని వుడ్‌స్టాక్‌లో పాత ఫోర్డ్ ఇంజిన్‌తో తిప్పారంటారు, అదే పద్ధతి. పరిగెత్తే తాడును గబుక్కున పట్టుకుంటే భుజం లాగేస్తుంది. ముందు తోలు తొడుగుల్లోంచి జారనిచ్చి, మెల్లమెల్లగా పిడికిలి బిగించాలి, మోకాళ్లు కాస్త వంచి స్కీలు రెండూ తిన్నగా ఉంచాలి. పైకి చేరడం చిటికెలో పని, దిగడం అంతకన్నా త్వరగా. పెద్ద కొండ మీద క్యూలో నిలబడి, కుర్చీలో కూర్చుని పైకి చేరేలోపు ఇక్కడి పిల్ల ఎన్నోసార్లు దిగేస్తుంది. సరళీ స్వరాలు మూడు కాలాల్లో పలికించే గురువులాంటిదీ గుట్ట: అదే వాలు, అదే మలుపు, మళ్లీ మళ్లీ. రాత్రి దీపాల కింద గట్టిపడ్డ మంచు మీద మలుపులో బయటి కాలిపై బరువు వేసి, స్కీ అంచును కొరికించకపోతే పడిపోవడమే. ఆ అంచు మీద నమ్మకం కుదిరాకే వేగం వస్తుంది.

అలాంటి కొండలు ఒక్క న్యూ ఇంగ్లండ్‌లోనే ఐదారు వందలు మూతపడ్డాయంటే కడుపు తరుక్కుపోతుంది. మంచు పడని చలికాలాలు, బీమా ఖర్చులు వాటిని చంపాయన్నది నిజమే. కానీ 2008లో వేల్ సంస్థ ఎపిక్ పాస్ అనే సీజన్ పాస్ తెచ్చాక ఆట స్వరూపమే మారింది. పాస్ వల్ల స్కీయింగ్ చవకైందంటారు. సీజన్‌కు ముందే డబ్బు కట్టి, పదే పదే వెళ్లేవాళ్లకు చవకే. మొదటిసారి వచ్చే కుటుంబానికి? రద్దీ రోజున వేల్ కౌంటర్లో ఒక్క రోజు టికెట్టు 300 డాలర్లు దాటింది! కొత్తవాళ్లను గుమ్మంలోనే ఆపేసి, కృత్రిమ పల్లెటూళ్లు కట్టి, అదే పర్వత సంస్కృతి అని అమ్ముకోవడం ఈ కళకు ద్రోహం. లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తున్న ఆ కాక్రన్ల కొండ మాత్రం డబ్బు లేదని ఏ పిల్లనూ వెనక్కి పంపకూడదన్న నియమం పెట్టుకుంది.

సొంతంగా నడిచే కొండలకు వ్యాపారం తెలియదనే వాదన కూడా నిలవదు. వెర్మాంట్‌లోని మ్యాడ్ రివర్ గ్లెన్‌ను 1995లో స్కీయర్లే సహకార సంఘంగా ఏర్పడి కొనుక్కున్నారు. 1948 నాటి ఒంటి కుర్చీ లిఫ్ట్ అరిగిపోతే, 2007లో జంట కుర్చీకి మారకుండా దాన్నే పునరుద్ధరించారు. గంటకు ఎక్కేవాళ్లు తక్కువైతేనే సహజమైన మంచు చెట్ల మధ్య దారుల్లో నిలుస్తుంది. ఆదాయం వదులుకునైనా కొండను కాపాడుకున్న తెలివి అది. బోస్టన్, న్యూజెర్సీ తెలుగు కుటుంబాలకు ఒక్కటే విన్నపం: ఈ చలికాలం పిల్లలకు స్కీయింగ్ నేర్పించాలనుకుంటే, ముందు దగ్గర్లోని చిన్న కొండ కౌంటర్లో టికెట్టు కొనండి.