విప్పి చూసే చదువు

చచ్చిపోయిన ఫోన్‌లోంచి ఊడదీసిన కెమెరా మాడ్యూల్ చిటికెనవేలి గోరంత ఉంటుంది. పైన లెన్సు, దాని కింద సెన్సర్, పక్కనుంచి బయటికి వచ్చే ఫ్లెక్స్ పట్టీ, పట్టీ చివర ఇరవై నాలుగో ముప్ఫయ్యో పిన్నుల కనెక్టర్. పిన్నుకీ పిన్నుకీ మధ్య అర మిల్లీమీటరు దూరం కూడా ఉండదు. ఏ పిన్ను దేనికో చెప్పే కాగితం బజారులో దొరకదు. సెన్సర్ చేసిన కంపెనీ ఆ వివరాలను సాధారణంగా గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టిన ఫోన్ తయారీదారులకే ఇస్తుంది. అలాంటి ముక్కను ముందేసుకుని, ఒక మల్టీమీటరు, ఒక చవక లాజిక్ ఎనలైజర్ సాయంతో గుట్టు లాగి, చివరికి దానిచేత బొమ్మ తీయించడం ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్లకు సరదా. రివర్స్ ఇంజినీరింగ్ అని దానికి పెద్ద పేరుంది. సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోని ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, ఇంజినీరింగ్ కాలేజీలు ఈ సరదాను పాఠంగా పెట్టుకోవాలన్నది నా వాదన. అలా పెట్టడం కెమెరా కోసం కాదు, కాగితం లేనిచోట నిజం రాబట్టే అలవాటు కోసం.

ఈ ప్రాంతం పరిశ్రమను రెండు దారుల్లో నేర్చుకుంది. ఒకటి, ఎవరో డ్రాయింగులు చేతికిస్తే నేర్చుకున్న దారి. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ 1960ల్లో చెకోస్లోవేకియా సహకారంతో నిలబడింది. 1984లో ఎద్దుమైలారంలో వచ్చిన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ సోవియట్ లైసెన్సు మీద బీఎంపీ-2 యుద్ధ వాహనాలు చేసింది. రెండోది, ఎవరూ ఏమీ చేతికివ్వని దారి. బొల్లారం, పటాన్‌చెరు, జిన్నారం మందుల పరిశ్రమ నడిచింది ఈ దారినే. 1972లో అమల్లోకి వచ్చిన 1970 నాటి పేటెంట్ల చట్టం మందు అణువుకు కాక, దాన్ని తయారుచేసే విధానానికే పేటెంటు ఇచ్చింది. అణువు రూపం పేటెంటు పత్రాల్లో అందరికీ తెలిసిందే. దాన్ని మనకు దొరికే రసాయనాలతో, మన రియాక్టర్లలో, మరో దారిలో, తక్కువ ఖర్చుతో ఎలా చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. తుది సరుకు దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతూ ఆ దారి కనిపెట్టాలి. ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించి మిథైల్‌డోపాతో మొదలుపెట్టారు. ఆ సంస్థ బల్క్ డ్రగ్ యూనిట్లు బొల్లారంలోనే వెలిశాయి. ఈ చుట్టుపక్కల ఇన్ని వేల కుటుంబాలకు కూడు పెట్టిన విద్యల్లో విప్పి చూడటం ముందు వరసలో ఉంటుంది. దాన్ని ఇప్పుడు దొంగచాటు పనిలా చూడటం ఈ నేలకు తగదు.

కెమెరా మాడ్యూల్ దగ్గరా జరిగేది అదే. ముందు గ్రౌండ్ పట్టుకోవాలి. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి, ఒక మొనను మాడ్యూల్ లోహపు కవచానికి ఆనించి, రెండోదాన్ని పిన్నుల మీద నడిపిస్తే మోగినవి గ్రౌండ్లు. తర్వాత డయోడ్ మోడ్. ఎర్ర మొన గ్రౌండ్ మీద, నల్ల మొన ఒక్కో పిన్ను మీద పెట్టి అంకెలు రాసుకోవాలి. ఒకే రకం పనిచేసే పిన్నులు దగ్గరదగ్గర అంకెలు చూపిస్తాయి. మొబైల్ రిపేరు షాపుల్లో కుర్రాళ్లు రోజూ చేసే పని ఇది. దీనికి డిగ్రీ అక్కర్లేదు. గ్రౌండ్ల మధ్య జంటలు జంటలుగా సాగే సన్నని గీతలు బొమ్మను మోసే లేన్లు. కెపాసిటర్ల దగ్గరికి వెళ్లే వెడల్పు గీతలు కరెంటు దారులు. ఈ తరహా సెన్సర్లు మూడు వోల్టేజీలు అడగడం మామూలు: అనలాగ్ భాగానికి 2.8, ఇన్‌పుట్ అవుట్‌పుట్‌లకు 1.8, లోపలి డిజిటల్ భాగానికి 1.2 లేదా ఆ దగ్గర్లో. ఏది ఏదో తేలకుండా కరెంటు ఇస్తే సెన్సర్ అక్కడికక్కడే కాలిపోతుంది. అందుకే ఊహను రాసుకోవడం, దాన్ని రెండో ఆధారంతో సరిచూడటం, ఆ తర్వాతే స్విచ్ వేయడం. ఇక్కడ తొందరపాటుకు తక్షణమే శిక్ష పడుతుంది. ప్రయోగశాలల్లో ముందే అమర్చి ఉంచిన బోర్డుల మీద ఈ భయం, ఈ జాగ్రత్త రెండూ అలవడవు.

కరెంటు సరిగ్గా అందినా సెన్సర్ పలకదు. దానికి బయటినుంచి గడియారపు సంకేతం కావాలి. 24 మెగాహెర్ట్జ్ చాలాచోట్ల సరిపోతుంది. రీసెట్ పిన్నును పైకి లేపాలి. అప్పుడు చిప్పులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఐటూసీ తీగల మీద పిలిస్తే తన చిరునామా దగ్గర బదులిస్తుంది. సోనీ ఐఎంఎక్స్ 219 అయితే 0000, 0001 రిజిస్టర్లలో 02, 19 అనే హెక్సా అంకెలు చెబుతుంది. ఓమ్నివిజన్ ఓవీ 5647 అయితే 300ఎ, 300బి రిజిస్టర్లలో 56, 47. పేరు చెప్పించినంత మాత్రాన పని తీరదు. బొమ్మ రావాలంటే పదుల నుంచి వందల దాకా రిజిస్టర్లలో సరైన విలువలు నింపాలి, వాటిలో చాలావాటి అర్థం ఎక్కడా రాసి ఉండదు. దారులు మాత్రం ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లు లైనక్స్ కెర్నెల్ మీద నడుస్తాయి. ఆ కెర్నెల్ లైసెన్సు ప్రకారం కంపెనీలు దాని సోర్సు బయటపెట్టాలి. ఏ వోల్టేజీ ముందు, ఏది తర్వాత అన్న క్రమం అందులో దొరకడం కద్దు. కొన్ని సెన్సర్లకు లైనక్స్‌లోనే డ్రైవర్లున్నాయి. ఏదీ దొరక్కపోతే అదే రకం బతికున్న ఫోన్‌లో కెమెరా యాప్ తెరుస్తూ ఐటూసీ తీగల మీద నడిచే మాటలు ఎనలైజర్‌తో పట్టుకోవచ్చు. సెకనుకు 2.4 కోట్ల నమూనాలు తీసే చవక పరికరం, సెకనుకు 4 లక్షల బిట్ల ఐటూసీ మాటలకు ధారాళంగా చాలుతుంది. బొమ్మ లేన్లకు మాత్రం చాలదు. ఐఎంఎక్స్ 219 పూర్తి చట్రం 3280 గుణించు 2464 పిక్సెళ్లు. పిక్సెల్‌కు 10 బిట్ల చొప్పున ఒక్క బొమ్మే 8 కోట్ల బిట్లు. సెకనుకు 15 బొమ్మలంటే 120 కోట్లు దాటుతుంది. ఈ చిన్న గుణకారం చేసినవాడికి రాస్‌బెరీ పై లాంటి బోర్డో, ఎఫ్‌పీజీఏనో ఎందుకు కావాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

చివరికి వచ్చే బొమ్మ చాలామందిని నిరాశపరుస్తుంది. ఆకుపచ్చ తిరిగి, మసకగా, అంచుల్లో చీకటిగా ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంటైన అమరికలో పిక్సెళ్లలో సగం ఆకుపచ్చవే. మిగతా సగాన్ని ఎరుపు, నీలం పంచుకుంటాయి. సెన్సర్ ఇచ్చేది జొన్నపిండి. రొట్టె చేసేది ఫోన్ ప్రాసెసర్. రంగులు పూరించడం, తెలుపును తెలుపుగా నిలబెట్టడం, అంచుల చీకటి సరిదిద్దడం అక్కడే జరుగుతాయి. అంచుల లెక్కలు ఒక్కో మాడ్యూల్‌కు విడిగా కొలిచి, దానిలోనే చిన్న మెమరీలో దాచే పద్ధతీ ఉంది. ప్రకటనల్లో మెగాపిక్సెళ్ల సంఖ్య చూసి ఫోన్ కొనే సమాజానికి, ఆ సంఖ్య బొమ్మలో ఒక పాలు మాత్రమేనని ఇంతకంటే గట్టిగా చెప్పే పాఠం నాకు కనబడదు. ఆ ఆకుపచ్చ బొమ్మను కళ్లారా చూసిన విద్యార్థికి ఇమేజ్ ప్రాసెసింగ్ పుస్తకంలోని సమీకరణాలు ఎందుకు పుట్టాయో తెలుస్తుంది.

దీనికి మొదటి అభ్యంతరం డబ్బు గురించి. కోఠి గుజరాతీ గల్లీకి వెళితే కొన్ని వందల రూపాయలకే వైఫైతో సహా పనిచేసే కెమెరా బోర్డు దొరుకుతుంది కదా, రోజుల తరబడి ఈ తంటా ఎందుకు అంటారు. నిజమే. పాత మాడ్యూల్‌తో డబ్బు ఆదా అవుతుందని ఎవరైనా చెబితే వాళ్లు తమ సమయానికి విలువ కట్టడం లేదన్నమాట. అయితే 2016లో రాస్‌బెరీ పై తన రెండో కెమెరాను అదే ఐఎంఎక్స్ 219తో తెచ్చినప్పుడు, ఆ చిన్న బోర్డు మీద గడియారపు క్రిస్టల్, వోల్టేజీలు సర్దే రెగ్యులేటర్లు, డ్రైవర్‌లో రిజిస్టర్ల పట్టిక అన్నీ ఎవరో ముందే సిద్ధం చేసి పెట్టారు. కొన్న బోర్డు పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుందో చెప్పదు. కెమెరా కావలసినవాడు తప్పకుండా కొనుక్కోవాలి. కెమెరా బోర్డు తయారుచేయగల మనిషి కావాలంటే మాత్రం ఆ సౌకర్యాలన్నీ తీసేసిన ముక్క మీదే శిక్షణ ఇవ్వాలి. రేపు మరో ఫోన్‌లో మరో సెన్సర్ వస్తుంది, ఈ శ్రమంతా పాతబడుతుంది అనేవాళ్లకూ ఇదే జవాబు. పిన్నుల వరస మారుతుంది. బొమ్మ లేన్లు నడిచే, 2005లో ఖరారైన సీఎస్ఐ-2 పద్ధతి, ఐటూసీ మాటతీరు, గ్రౌండ్‌తో మొదలుపెట్టే క్రమం ఇన్నేళ్లుగా నిలిచే ఉన్నాయి.

రెండో అభ్యంతరం నీతి, చట్టం గురించి. ఇతరుల రహస్యం లాగడం దొంగతనం కాదా? చట్టం అంత మొరటుగా చూడలేదు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, 1999 సవరణ తర్వాత, న్యాయంగా చేతికొచ్చిన ప్రోగ్రామును దాని వెనకున్న సూత్రాలు తెలుసుకోవడానికి పరిశీలించి, పరీక్షించి చూసే వీలు కల్పించింది. సెమీకండక్టర్ లేఅవుట్ డిజైన్లను కాపాడటానికి 2000లో వచ్చిన చట్టం సైతం శాస్త్రీయ విశ్లేషణ, పరిశోధన, బోధన కోసం చేసే పనిని ఉల్లంఘనగా లెక్కించదు. చదువుకోవడానికీ, నకలు కొట్టి అమ్ముకోవడానికీ మధ్య గీత అక్కడే ఉంది. ఒప్పందం మీద సంతకం పెట్టినవాడు పత్రాన్ని బయటికి వదిలితే అది తప్పు. ఏ సంతకమూ పెట్టనివాడు తన డబ్బుతో కొన్న ముక్క మీద మీటరు పెడితే తప్పు లేదు. నన్ను నిజంగా కలవరపెట్టే నీతి ప్రశ్న వేరే ఉంది. తుక్కులో వచ్చిన ఫోన్ ఎవరిదో, అందులో ఎవరి ఫొటోలున్నాయో తెలియదు. ఐఎంఈఐ నంబరును ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూసి, పోయిన ఫోన్ కాదని తేల్చుకున్నాకే చేయి వేయాలి. మెమరీ చిప్పు జోలికి పోకూడదు. సెన్సర్ రహస్యం కంటే పాత యజమాని రహస్యం వెయ్యి రెట్లు విలువైనది.

మూడో అభ్యంతరం బరువైనది, దాన్ని ఈ ప్రాంత చరిత్రే లేవనెత్తుతుంది. విప్పి చూసి బతికినవాళ్లు సొంతంగా ఏం సృష్టించారు? 2005 జనవరి నుంచి మందు అణువులకే పేటెంట్లు వచ్చాక ఆ పాత దారి ఇరుకైంది కదా? ఇరుకైన మాట నిజం. కానీ 1997లోనే డాక్టర్ రెడ్డీస్ బాలాగ్లిటజోన్ అనే తన సొంత మధుమేహ అణువును డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకు ఇచ్చింది. ఆ అణువు చివరికి మందుగా బజారుకు రాలేదు. అయినా వెనక్కి దిగడం నేర్చినవాళ్లే ముందుకు ఎక్కే ప్రయత్నమూ చేశారన్న సంగతి మిగిలింది. విప్పడం వల్ల సృష్టి దానంతటదే పుడుతుందని నేననను. ఇతరులు ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో విప్పి చూడనివాడు తన నిర్ణయాలు గాలిలోంచి తీసుకోవాల్సి వస్తుంది, అంతే.

ఆ చరిత్రలో రెండో సగం కూడా ఉంది, అభ్యంతరం చెప్పేవాళ్లకు అసలు బలం అక్కడే. అణువును ఎలా చేయాలో అంత శ్రద్ధగా రాబట్టిన ప్రాంతం, చేశాక మిగిలినదాని విషయంలో ఆ శ్రద్ధ చూపలేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన అధ్యయనం, పటాన్‌చెరులో ఫ్యాక్టరీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని చెప్పింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ అది. శుద్ధి చేశాక వదిలిన నీటి లెక్క ఇది. అంటే దారి సగమే తెలుసుకుని పూర్తిగా తెలిసిందనుకున్నారు. ఫోన్ విప్పేవాడికి ఇదే హెచ్చరిక. కెమెరా తీసుకున్నాక ఉబ్బిన బ్యాటరీ, పగిలిన తెర, సీసం కలిసిన టంకం పొడి మిగులుతాయి. ఇంట్లో యాసిడ్ పోసి బంగారం తీయడం, తీగలు కాల్చి రాగి ఏరడం ఈ విద్యలో భాగం కావు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం లోహాలు వెలికితీసే పని నమోదైన రీసైక్లర్లది. ఒక్కో కెమెరా కాపాడటం వల్ల ఈ-వ్యర్థాల కొండ తరుగుతుందని కూడా నేను వాదించను, తరగదు. మిగిలిన ముక్కలు ఎక్కడికి వెళ్లాయో రాయని ప్రయోగం అసంపూర్ణమన్నదే నా మాట.

కాబట్టి పాఠం ఎలా ఉండాలో కూడా చెప్పాలి. విద్యార్థికి పేరు తెలియని మాడ్యూల్ ఒకటి ఇవ్వాలి. మార్కులు బొమ్మకు కాక నోటుపుస్తకానికి వేయాలి: ఏ పిన్ను ఏదనుకున్నాడు, ఏ ఆధారంతో, ఆ ఊహ తప్పైతే ఎలా తెలిసింది, మిగిలిన చెత్త ఎవరికి అప్పగించాడు. సెన్సర్ కాలిపోయినా కారణం రాసినవాడికి మంచి మార్కులు రావాలి. ఎవరి ఫైలో తెచ్చి బొమ్మ చూపించి, ఎలా వచ్చిందో చెప్పలేనివాడికి రాకూడదు. తేలిన పిన్నుల పట్టికను తెలుగులో రాసి వచ్చే ఏడాది పిల్లలకు వదిలివెళ్లాలి. రిపేరు షాపులో డయోడ్ అంకెలు కంఠతా వచ్చిన కుర్రాడిని పిలిచి మొదటి తరగతి చెప్పించాలి. కంది ఐఐటీ, రుద్రారం గీతం ఉన్న చోట, ఇన్ని ఫ్యాక్టరీలున్న చోట, దీనికి కొత్త భవనం, పెద్ద నిధులు అవసరం లేదు. ఒక బల్ల, ఒక మీటరు, ఓపికగల అధ్యాపకుడు చాలు. డ్రాయింగు చేతికందితేనే పని మొదలుపెట్టే మనుషులను తయారుచేస్తే ఈ పరిశ్రమలు ఎప్పుడూ ఇంకొకరి లైసెన్సు మీదే నడుస్తాయి. డ్రాయింగు లేనప్పుడు దాన్ని తామే గీసి, తమ గీతకు తామే పరీక్ష పెట్టుకునే మనుషులు కావాలి, అందుకు గోరంత ముక్క మీద పడే కష్టం ఎక్కువేమీ కాదు.