పంపు కొనే ముందు ఎత్తు కొలవండి

పై అంతస్తులో షవర్ సన్నగా కారుతోందంటే మన పట్టణాల్లో ముందుగా వినిపించే సలహా ప్రెజర్ పంపు బిగించమని. ప్లంబర్ అదే చెబుతాడు, హార్డ్‌వేర్ దుకాణంలోనూ అదే చెబుతారు. పంపు తప్పని ఇళ్లు ఉన్నాయి, కాదనను. కానీ నీళ్లు సన్నగా రావడానికి రెండు వేర్వేరు కారణాలుంటాయి. నీటిని తోసే బలం చాలకపోవడం ఒకటి, బలం ఉన్నా దారి ఇరుకైపోవడం మరొకటి. పంపు మొదటిదానికే మందు. ఏది కారణమో తేల్చుకోకుండా దాన్ని బిగించడం డబ్బు దండగే కాదు, గోడల్లో దాగిన పాత పైపులకు ప్రమాదం కూడా.

డాబా మీది ట్యాంకు నుంచి దిగే నీటికి బలమంతా ఎత్తు వల్లే వస్తుంది. ట్యాంకులోని నీటి మట్టానికీ కుళాయికీ మధ్య 10 మీటర్ల ఎత్తుంటే సుమారు ఒక బార్ ఒత్తిడి. ట్యాంకు 500 లీటర్లదైనా 2000 లీటర్లదైనా ఈ లెక్క మారదు. కాబట్టి ఒత్తిడి కోసం పెద్ద ట్యాంకు కొనడంలో అర్థం లేదు. పై అంతస్తు షవర్‌కీ ట్యాంకులోని నీటి మట్టానికీ మధ్య దూరం తరచూ రెండు మీటర్లే, అంటే 0.2 బార్. రెండు అంతస్తుల కింద అదే షవర్‌కు 0.8 బార్ దాకా అందుతుంది. ట్యాంకు అడుగంటేసరికి పై వాటాలో ఉన్న ఆ కాస్త బలమూ దాదాపు సగమవుతుంది, కింది వాటాలో తేడా పెద్దగా తెలియదు. ట్యాంకు నిండుగా ఉన్న ఉదయం బాగానే వచ్చి, సాయంత్రానికి నీరసపడితే కారణం ఎత్తేనని ఊహించవచ్చు.

ఇరుకు సంగతి వేరు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో సున్నం పేరుకుంటుంది, పాత జీఐ పైపుల్లో తుప్పు గడ్డకడుతుంది. నీరు వేడెక్కితే సున్నం ఇంకా త్వరగా విడిపడుతుంది కనుక గీజర్ వైపు పైపే ముందు పూడుతుంది. అదే ఒత్తిడి మీద పైపు లోపలి వ్యాసం సగానికి తగ్గితే ప్రవాహం సగం కాదు, ఇంచుమించు ఆరో వంతుకు పడిపోతుంది. అందుకే కొద్దిపాటి పూడికకే ఇంటివాళ్లు కంగారుపడేంత తేడా వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి పనిముట్లేవీ అక్కర్లేదు. కుళాయి తిప్పగానే నీరు ఒక్కసారి జోరుగా వచ్చి వెంటనే సన్నబడితే ఎక్కడో ఇరుకుందన్నమాట. ఒక్క కుళాయిలోనే తక్కువైతే దాని మూతిలోని జాలీ విప్పి, నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెడితే సున్నం కరుగుతుంది. వేడి నీళ్లే తక్కువైతే గీజర్‌నూ దాని వాల్వులనూ అనుమానించాలి. ఇల్లంతా తక్కువైతే ట్యాంకు కింది గేట్ వాల్వ్ పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడాలి. లోపలి పలక విరిగి, పిడి మాత్రం తిరుగుతుండటం అరుదేమీ కాదు. ట్యాంకు నుంచి పైపు పిట్టగోడ మీదికెక్కి దిగే చోట గాలి చిక్కుకుని నీటిని ఆపేస్తుంది. అక్కడ నీటి మట్టం కన్నా ఎత్తుగా ఒక గాలి గొట్టం నిలబెడితే చాలు.

ఇంత వెతుకులాట ఎందుకు, పంపు బిగిస్తే ఏ కారణమైనా కొట్టుకుపోతుంది కదా అనవచ్చు. మొదటి వారం నిజంగానే అలా కనిపిస్తుంది. కానీ ట్యాంకు నుంచి వచ్చే పైపే పూడుకుపోయి ఉంటే పంపుకు తగినంత నీరందక దాని సీళ్లు పాడవుతాయి. పూడిక పంపు తర్వాత ఉంటే ఆ ఒత్తిడంతా పాత అతుకుల మీద పడుతుంది, గోడ చెమ్మగిల్లాక గానీ తెలియదు. కారే కుళాయి ఒక్కటున్నా ఆటోమేటిక్ పంపు రాత్రంతా ఆగుతూ నడుస్తూ ఉంటుంది. కరెంటు పోతే మళ్లీ మొదటికే. దారి శుభ్రంగా ఉండి, ఎత్తు మాత్రమే చాలని పై వాటాకు పంపు న్యాయమైన పరిష్కారమే. అక్కడ కూడా ముందు ట్యాంకు ఎత్తు పెంచడాన్ని పరిశీలించమంటాను. రెండు మీటర్లున్న చోట ఒకటిన్నర మీటర్ల దిమ్మె కడితే ఒత్తిడి 75 శాతం పెరుగుతుంది, దానికి కరెంటు బిల్లుండదు. అయితే వెయ్యి లీటర్ల నీరంటే టన్ను బరువు, స్లాబు మధ్యలో నిలబెట్టేది కాదు. పిల్లర్లు ఎక్కడున్నాయో ఇంజనీరును అడగాలి.

వీధి గొట్టానికే మోటారు తగిలించడం మాత్రం ఏ లెక్కలోనూ సమర్థనీయం కాదు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తే మరేం చేస్తామన్న బాధ నిజమే. కానీ ఆ మోటారు పొరుగింటి వాటాను లాగేసుకోవడంతో ఆగదు. గొట్టంలో ఒత్తిడి బయటికన్నా తగ్గితే పగుళ్ల గుండా పక్కనున్న మురుగు లోపలికి చేరి, అందరి సంపుల్లోకీ వెళుతుంది. 2025 వేసవిలో హైదరాబాద్ జలమండలి ఇలాంటి మోటార్లపై ప్రత్యేక డ్రైవ్ చేపట్టింది. వీధి నీరు తనంతట తాను సంపులో పడాలి, మోటారు సంపు నుంచి ట్యాంకుకే ఉండాలి. సంపులోకే సన్నగా పడుతుంటే మీటరు దగ్గరి జల్లెడలో చెత్త అడ్డుపడిందేమో చూపించుకోవాలి. పక్కిళ్లలోనూ అంతే ఉంటే అది వీధి లైను సమస్య, ఫిర్యాదు నలుగురూ కలిసి రాయాలి.