ప్రవరుడి పసరు, మన విమానం టికెట్

మంచుకొండ అనగానే తెలుగు పాఠకుడికి ముందు గుర్తొచ్చేవాడు పెద్దన ప్రవరుడే. సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకుని అరుణాస్పదపురం నుంచి ఏకంగా హిమాలయం మీద వాలిన గృహస్థు. తిరిగి చూడాల్సినవన్నీ చూశాడు. మధ్యాహ్నమైంది, ఇంట్లో నిత్యకర్మలు గుర్తొచ్చాయి, బయల్దేరదామంటే పసరు పనిచేయలేదు. ఎండకు కరిగిన మంచునీళ్లలో అది ఎప్పుడో కొట్టుకుపోయింది. వరూధిని వచ్చేది ఆ తర్వాతే కాబట్టి ‘మనుచరిత్ర’ కథ నిలబడిందే ఆ తడిసిన పాదాల మీద. ఇప్పుడు మన దగ్గర నీళ్లకు కొట్టుకుపోని పసరు ఉంది. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలోపే లేహ్. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక, మనాలిలో టిఫిన్ చేసి లాహౌల్ లోయలోని సిస్సులో మంచుముద్దలు విసురుకుని చీకటి పడేలోగా మళ్లీ హోటలుకు చేరుకోవచ్చు. మంచుకొండ దగ్గరకు చేరడం ఇంత తేలికైనకొద్దీ దాన్ని అనుభవించడం మనకు చేతకాకుండా పోతోందన్నది నా వాదన. ఆ అనుభవానికి కావలసిన ముడిసరుకు సమయం. మనం డబ్బిచ్చి మరీ ఆదా చేసుకుంటున్నదీ సరిగ్గా దాన్నే.

ముందు ఒంటి సంగతి చూద్దాం. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. అక్కడ పీల్చే ఒక్కో ఊపిరిలో ప్రాణవాయువు సముద్రమట్టంలో దొరికేదానికంటే మూడో వంతు తక్కువ. ఈ లోటుకు శరీరం అలవాటు పడాలంటే రోజులు పడుతుంది, తొందరపెడితే కుదరదు. అందుకే విమానంలో దిగినవాళ్లను మొదటి ఒకటి రెండు రోజులు కదలకుండా పడుకోమంటారు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది కొండలెక్కేవాళ్ల లెక్క. మన ప్యాకేజీ టూర్లు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. దిగిన మర్నాడో ఆ మర్నాడో ఖర్దుంగ్ లా కనుమకు ఎక్కించి, బోర్డు పక్కన ఫోటో తీయించి, తలనొప్పితో దించేస్తారు. (ఆ బోర్డు చాలా ఏళ్లు 18,380 అడుగులని చెప్పింది. కొలిచి చూస్తే అసలు ఎత్తు దాదాపు 800 అడుగులు తక్కువ. ఫోటోలు మాత్రం ఇళ్లలో అలాగే వేలాడుతున్నాయి.) నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆ ప్రయాణం భువనగిరి బండ మీద మొదలై, డార్జిలింగ్ శిక్షణ మీదుగా, లడఖ్ చలిలో సాధన దాకా వెళ్లి, అప్పుడు గానీ శిఖరం వైపు తిరగలేదు. రికార్డును గుర్తుపెట్టుకున్నాం గానీ, దాని వెనక నెలల తరబడి జరిగిన మెల్లటి పనిని గుర్తుపెట్టుకోలేదు.

ఒళ్లు అలవాటు పడ్డట్టే కన్నూ అలవాటు పడాలి. కొత్తగా కురిసిన మంచు తన మీద పడ్డ వెలుగులో 80 నుంచి 90 శాతం తిప్పికొడుతుంది. మొదటి రోజు కంటికి తెల్లటి మిరుమిట్లు తప్ప ఏమీ ఆనదు. కెమెరాదీ అదే అవస్థ. దాని మీటరు ప్రతి దృశ్యాన్నీ ఓ మోస్తరు బూడిద వెలుగుగా లెక్కగట్టి, ధవళగిరిని కాస్తా మురికి దుప్పటిలా చూపిస్తుంది. అందుకే ఫోటోగ్రాఫర్లు మంచును తీసేటప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒకటి రెండు స్టాపులు పెంచుకుంటారు. రెండు మూడు రోజులు ఒకేచోట ఉన్నవాళ్లకు తేడాలు పట్టుబడతాయి. నీడలు నల్లగా ఉండవు, ఆకాశపు వెలుగు పడి నీలంగా ఉంటాయి. పగలు కరిగిన పైపొర రాత్రికి గడ్డకట్టి పెంకు కడుతుంది. తెల్లవారుజామున ఆ పెంకు మనిషి బరువును మోస్తుంది. అదే చోట మధ్యాహ్నం అడుగేస్తే కాలు మోకాలిదాకా దిగబడుతుంది. పర్వతారోహకులు అర్ధరాత్రి బయల్దేరి ఎండ ముదరకముందే దిగిపోవాలని చూసేది ఇందుకే. ప్రవరుడు మధ్యాహ్నం చిక్కుబడ్డాడంటే అది కవి చమత్కారం మాత్రమే కాదన్నమాట! రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ 1928లో కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడి, 1947 డిసెంబరులో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. అన్నేళ్లూ ఆ హిమాలయాలనే మళ్లీ మళ్లీ గీశాడు. ఆ పటాల్లో మంచు నీలం, ఊదా, గులాబీ, నారింజ. తెలుపు వెతుక్కోవాలి.

మంచును అందరికంటే నిశితంగా చూసేది మాత్రం చిత్రకారుడూ కాదు, ఆరోహకుడూ కాదు, లడఖ్ రైతు. అక్కడ ఏడాదికి పడే వాన, మంచు కలిపినా 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. విత్తనాలు వేసే ఏప్రిల్, మే నెలల్లో పైనున్న హిమానీనదాలు ఇంకా కరగవు, కరిగేసరికి అదను దాటిపోతుంది. ఈ చిక్కు విప్పడానికే ఇంజినీరు చెవాంగ్ నోర్ఫెల్ చలికాలపు వృథా నీటిని నీడపట్టున కట్టలు కట్టి గడ్డకట్టించాడు. 2013-14 చలికాలంలో సోనమ్ వాంగ్‌చుక్ ఆ మంచునే స్తూపంగా నిలబెట్టాడు. ఎగువ నుంచి గొట్టంలో వచ్చిన నీరు తన ఒత్తిడితోనే పైకి చిమ్మి, రాత్రి చలికి పడ్డచోటే గడ్డకడుతుంది. శంకువు ఆకారం వల్ల ఎండ తగిలే మేర తక్కువ, కాబట్టి మెల్లగా కరుగుతుంది. ఏ వాలు మీద ఎండ ఎన్ని గంటలుంటుందో, ఏ నెలలో ఎంత కరుగుతుందో తెలిసిన మనుషుల పని ఇది. టూరిస్టు ఈ స్తూపం ముందు కూడా సెల్ఫీ దిగి వెళ్లిపోతాడనుకోండి.

రోడ్లూ సొరంగాలూ వద్దంటున్నావా అని అడగొచ్చు. వద్దనే హక్కు మైదానంలో ఉన్న మనకు లేదు. రోహ్‌తాంగ్ కనుమ మూసుకుపోతే లాహౌల్ జనం ఏటా నెలల తరబడి బయటి ప్రపంచానికి దూరమయ్యేవారు, జబ్బుచేస్తే హెలికాప్టర్ కోసం ఎదురుచూసేవారు. ఆ సొరంగం వాళ్ల అవసరం. దాన్ని మన హడావుడికి వాడుకోవడం దగ్గరే నా పేచీ. పెద్దన విజయనగరంలో కూర్చునే హిమాలయాన్ని కళ్లకు కట్టలేదా, అన్నేసి రోజులు అక్కడ కూర్చోవడం ఎందుకన్నది మరో ప్రశ్న. పెద్దనకున్న ఊహ మనకుంటే టికెట్టే అక్కర్లేదు. ఇక బలమైన అభ్యంతరం ఒకటుంది: ఉద్యోగస్తుడికి దొరికేది నాలుగైదు రోజుల సెలవు, ముసలివాళ్లు కొండలు నడవలేరు, ఇదంతా తీరికున్నవాళ్ల మాట అని. కానీ నేను ఎక్కమనడం లేదు, ఆగమంటున్నాను. ఆగడానికి బలమూ అక్కర్లేదు, అదనపు ఖర్చూ లేదు. నగ్గర్‌లో ఒక వరండాలో కుర్చీ వేసుకుని పొద్దుటినుంచి సాయంత్రందాకా ఎదుటి కొండను చూసిన అమ్మమ్మకు, ఆ రోజంతా కారులో నాలుగు ‘పాయింట్లు’ తిరిగొచ్చిన మనవడికంటే ఎక్కువే కనిపిస్తుంది.

కాబట్టి ఈసారి టూర్ వాళ్లు ఐదు రోజుల్లో ఎనిమిది చోట్లు చూపిస్తామని కాగితం చేతిలో పెడితే, అందులో ఆరు కొట్టేయండి. మిగిలిన రోజులకు కొండ కనిపించే కిటికీ ఉన్న గది ఒకే ఊళ్లో ఇప్పించమనండి. లేహ్‌కు విమానంలో వెళ్తున్నవాళ్లు మొదటి రెండు రోజులూ ఎక్కడికీ కదలకండి.