చెదలు తిన్న పాట

మొన్న, బతుకమ్మ పండుగ దగ్గరపడుతుండగా, బాపు టేబుల్ మీది పాత డెస్క్‌టాప్‌కు కప్పిన బట్ట తీసి స్విచ్ నొక్కాను. ఎండుటాకుల మీద గాలి నడిచినట్టు లోపల ఫ్యాను కదిలింది. పచ్చటి చిన్న దీపం కన్ను తెరిచింది. తెర మాత్రం అమావాస్యగానే మిగిలింది.

జనగామలో బాపు నడిపిన డీటీపీ సెంటర్‌కు ఇదే గుండెకాయ. ఎన్ని పెండ్లి పత్రికల పసుపు, ఎన్ని దశదిన కర్మ కార్డుల నలుపు దీని కడుపులో పుట్టాయో! రాత్రి గిరాకీ పోయాక బాపు నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆమె బతుకమ్మ పాటలు పాడుతుంటే ‘అను’ తెలుగు ఫాంట్లలో టైపు చేసేవాడు. ఆమె గునుగు మీద తంగేడు పేర్చినట్టే ఆయన అక్షరం మీద అక్షరం పేర్చేవాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. పాటలు ఈ పెట్టెలో ఉండిపోయాయి.

ర్యామ్ బయటికి తీసి, దాని బంగారు అంచులను బడిపిల్లల రబ్బరుతో, పసిబిడ్డ చెంప తుడిచినంత మెల్లగా తుడిచాను. ఒక్క బీప్! తెర మీద అక్షరాలు మొలిచాయి. తేదీ 2002 జనవరి 1. మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీ, ఆ మూడు వోల్టుల ప్రాణం, ఎన్నడో ఆరిపోయింది. కాలాన్ని మరిచిన యంత్రం మొదటి రోజుకు తిరిగిపోయింది.

ఆ తేదీన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఒక్క వరంగల్ జిల్లా ఒడిలోనివే. 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, మూడూ మూడు జిల్లాలయ్యాయి. మా ఇల్లూ అట్లనే మూడైంది. మేనత్త మేము మానుకోట అనే మహబూబాబాద్‌లో, చిన్నాయిన భూపాలపల్లి బొగ్గుబాయిలో, బాపు ఇక్కడ. కొత్త బ్యాటరీ పెట్టాను గానీ ఆ తేదీని దిద్దడానికి చేయి రాలేదు.

అప్పుడు మొదలైంది హార్డ్ డిస్క్ చప్పుడు. టక్... టక్... టక్... నిమిషానికి వేల చుట్లు తిరిగే అద్దంలాంటి పళ్లెం మీద, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తున తేలే చదివే ముల్లు, తన జాగా దొరకక మూసిన తలుపుకు తల బాదుకుంటున్న చప్పుడు. ఆపి మళ్లీ నొక్కాను. మళ్లీ నొక్కాను. ఈసారైనా పలుకుతుందని తెల్లారేదాకా నొక్కాను.

“టకటక అన్నదంటే కరెంటు తీసెయ్యాలె సారూ, ఆన్ చేసినకొద్దీ గీతలు పడ్తయి” అన్నాడు రిపేరు షాపాయన. నా వేలు నాకే బరువైంది. ఆశతో నొక్కిన ప్రతిసారీ నాయనమ్మ గొంతులో ఒక్కో చరణం గీసుకుపోయిందా?

ఈ నేలకు ఈ దుఃఖం పాతదే. బమ్మెర పోతన భాగవతాన్ని మట్టిలో పాతితే చెదలు తిన్నాయని తరతరాలుగా చెప్పుకుంటారు. అట్లా పోయినవాటిలో ఐదో స్కంధాన్ని గంగన, ఆరో స్కంధాన్ని సింగన, పదకొండు పన్నెండింటిని నారయ మళ్లీ రాశారు. నేనూ పోయిన చరణాలను అడుక్కుంటూ బయలుదేరాను. మానుకోటలో అత్త కండ్లు మూసుకొని సగం పాట పాడి ఆగింది. “ఇంతవరకే యాదికున్నది అల్లుడా” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భూపాలపల్లిలో, షిఫ్టు దిగి వచ్చిన చిన్నాయిన బొగ్గు ఇంకా వదలని అరచేతులను చూసుకున్నాడు. “మాటలు యాదికి లేవు కొడుకా. మీ నాయనమ్మ చప్పట్లు యాదికున్నయి” అన్నాడు. కొట్టి చూపించాడు.

అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. దొరకని చరణాల చోట గీతలు ఖాళీగా వదిలాను. గంగన కలం నాకు లేదు, సింగన చేయి నాకు రాదు. హార్డ్ డిస్క్‌ను బాపు పాత ధోవతిలో చుట్టి బీరువాలో దాచాను, ఇక దానికి కరెంటు చూపించను. పండుగ రాత్రి వాకిట్లో ఆ పాట ఎత్తుకుంటాను. ఖాళీ గీత వచ్చిన చోట గొంతు ఆపి, చిన్నాయిన చూపినట్టు చప్పట్లు కొడతాను.