సర్వరును ఆపుట: మర్యాదయా, రక్షణయా?

యంత్రమును నడపుట ఒక విద్య. నడచుచున్న యంత్రమును ఆపుట వేరొక విద్య. వెబ్ సర్వరు విషయమున ఈ రెండవ విద్యకు తగినంత శ్రద్ధ లభించుట లేదు. సర్వరనగా దూరముననున్న కంప్యూటర్లనుండి వచ్చు అభ్యర్థనలను గైకొని, తగిన సమాధానములను పంపు ప్రోగ్రాము. దానిలో మార్పు చేసినప్పుడు సాధారణముగా పాతదానిని ఆపి, క్రొత్తదానిని నిలుపవలసి వచ్చును. ఆ క్షణమున సగములోనున్న అభ్యర్థనల గతి యేమి?

పెండ్లి విందు ముగించదలచినవారు క్రొత్త పంక్తిని కూర్చుండబెట్టరు; కాని కూర్చున్నవారి విస్తళ్లను నడుమ ఎత్తివేయరు. సర్వరును మర్యాదగా ఆపుట యనగా నిదియే. లినక్స్ వ్యవస్థలో ఇందుకు సిగ్‌టెర్మ్ అను 15వ సంకేతము కలదు. అది యందిన పిదప ప్రోగ్రాము క్రొత్త అభ్యర్థనలను అంగీకరించుట మాని, చేతిలోని పనిని ముగించి, డేటాబేసుతోడి సంబంధమును చివరగా తెంచి, తనంతట తాను నిష్క్రమింపవలెను. 2017లో వెలువడిన గో భాష 1.8వ కూర్పులో ఇందుకై షట్‌డౌన్ అను సాధనము చేర్చబడినది. అనేక సర్వర్లను నిర్వహించు కుబర్నెటీస్ వ్యవస్థ, వేరుగా చెప్పనిచో, 30 సెకండ్ల గడువు నిచ్చును. గడువు దాటినచో సిగ్‌కిల్ అను 9వ సంకేతము వచ్చును. దానిని ఏ ప్రోగ్రామును అడ్డుకొనజాలదు.

ఇట్టి మర్యాదతో పని లేదని వాదించిన ప్రసిద్ధ వ్యాసమొకటి కలదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునుండి జార్జ్ కాండియా, ఆర్మాండో ఫాక్స్ అనువారు 2003లో ‘క్రాష్-ఓన్లీ సాఫ్ట్‌వేర్’ అను వ్యాసమును ప్రకటించిరి. ప్రోగ్రామును ఆపుటకు కూల్చుట యొక్కటే మార్గముగను, ఆరంభించుటకు కోలుకొనుట యొక్కటే మార్గముగను ఉండవలెనని వారి సిద్ధాంతము. వారిచ్చిన పట్టికలో రెడ్‌హ్యాట్ 8 వ్యవస్థ పద్ధతి ప్రకారము ఆగి లేచుటకు 104 సెకండ్లు పట్టగా, కూలి లేచుటకు 75 సెకండ్లే పట్టినది. కూలినను క్షేమముగా లేవగల వ్యవస్థకు, నెమ్మదిగా ఆగు పద్ధతి వేరుగా ఎందుకని వారి ప్రశ్న.

ఈ వాదములో బలము కలదు. విద్యుత్తు పోవునపుడు ముందుగా సంకేతమేదియు రాదు. సిగ్‌కిల్ గడువు నీయదు. ఆగునపుడు మాత్రమే లెక్కలను డిస్కుపై వ్రాయు ప్రోగ్రాము, ఆగుటకు అవకాశము చిక్కనినాడు ఆ లెక్కలను పోగొట్టుకొనును. అంతేకాదు, ఎప్పుడో గాని నడువని కోలుకొను భాగములో దాగిన తప్పులు ఆపద సమయముననే బయటపడును. ప్రతిసారి ఆ దారినే నడచినచో తప్పులు ముందే తెలియును.

అయినను వ్యాసము సర్వరు పక్షమునుండి చూచినంతగా అభ్యర్థి పక్షమునుండి చూడలేదు. పట్టిక కొలిచినది యంత్రము తిరిగి లేచు కాలమును. నడుమ తెగిన అభ్యర్థనలను కాదు. తెగినదానిని మరల పంపవచ్చునని రచయితల సమాధానము. మరల పంపినను హాని లేనిదో కాదో ప్రతి అభ్యర్థనయే తెలుపవలెనని వారు జాగ్రత్తగానే నియమించిరి. ఆ నియమము ఒకే పద్ధతిలో నిర్మింపబడిన భాగముల నడుమ చక్కగా చెల్లును. కాని వెబ్ సర్వరుకు ఆవలి కొసనున్నది సామాన్య మానవుడు. పరీక్ష ఫలితమును చూచు అభ్యర్థనను పదిసార్లు పంపినను నష్టము లేదు. పరీక్ష రుసుము చెల్లించు అభ్యర్థన అట్టిది కాదు. సొమ్ము జమయై, రసీదు రాకముందే సర్వరు కూలినచో, విద్యార్థి మరల మీట నొక్కును. రుసుము రెండుమారులు పోవచ్చును. నొక్కకున్నచో, చెల్లినదో లేదో తెలియక తల్లడిల్లును.

దీనికి విరుగుడు కలదు. ప్రతి చెల్లింపునకు ఒక ప్రత్యేక సంఖ్యను జతపరచి, ఆ సంఖ్యను జమతోపాటు ఏకకాలమున డేటాబేసులో నమోదు చేయవలెను. అదే సంఖ్య మరల వచ్చినచో క్రొత్తగా జమ చేయక, పాత రసీదునే పంపవలెను. ఇట్లు చేసిన సర్వరు కూలినను సొమ్ము క్షేమము.

మర్యాదనే నమ్ముకొనిన ప్రోగ్రాములలోను లోపములు తక్కువ కావు. కొన్ని సంకేతము రాగానే డేటాబేసు సంబంధమును ముందుగా తెంచి, లోపలి అభ్యర్థనలను నిరాధారము చేయును. కుబర్నెటీస్‌లో సంకేతము వచ్చిన పిదపకూడ కొన్ని క్షణములు క్రొత్త అభ్యర్థనలు వచ్చుచుండవచ్చును. వెంటనే వాకిలి మూసినచో అవి విఫలమగును. గో షట్‌డౌన్ సాధనము వెబ్‌సాకెట్ వంటి దీర్ఘ సంబంధములకై వేచియుండదు. వాటి సంగతిని ప్రోగ్రాము వ్రాయువాడే చూచుకొనవలెను.

ఉన్నత పాఠశాలలో ఈ భేదమును సులభముగా చూపవచ్చును. బదులిచ్చుటకు 10 సెకండ్లు తీసికొను చిన్న సర్వరును లినక్స్‌పై నిలిపి, అభ్యర్థన సగములోనుండగా ఒకసారి 15వ సంకేతమును, మరియొకసారి 9వ సంకేతమును పంపి చూడవలెను. సంకేతము నందుకొను భాగము వ్రాయనిచో రెండింటికిని ఫలిత మొక్కటే యగునని విద్యార్థులు స్వయముగా గ్రహింతురు.

కావున 2003 నాటి వ్యాసము సగము సత్యమును గట్టిగా చెప్పినది. కూలినను చెడని నిర్మాణము రక్షణ. లోపలివారిని సాగనంపి ఆగుట మర్యాద. రక్షణ లేని మర్యాద మొదటి విద్యుత్ అంతరాయమునకే చెడును. మర్యాద లేని రక్షణలో సొమ్ము నిలుచును గాని, ప్రతి మార్పునకు ఎవరో ఒకరి పని నడుమ తెగును. రక్షణను ముందు కట్టి, దానిపై మర్యాదను నిలుపుటయే యుక్తము.