తిరగవాత పెట్టని మిషను

కరెంటు సూపు మిషను కొనొచ్చా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ళలో ఎక్కువమంది బెంగళూరులోనో హైదరాబాదులోనో పిల్లలున్న తల్లులు. పిల్లలు ఫోన్లో బొమ్మ చూపించి, ‘పంపిస్తామమ్మా, పొయ్యి దగ్గర నిలబడే పని తప్పుతుంది’ అంటారు. తల్లికి ఆశగానూ ఉంటుంది, వేలు పోసి కొన్నది అటక ఎక్కుతుందేమోనన్న భయమూ ఉంటుంది. నా జవాబు ముందే చెప్పేస్తాను. సంగటి, పప్పు, పులుసు వండుకునే మామూలు ఇంటికి ఇది అక్కరలేదు. నమలలేని మనిషి ఉన్న ఇంటికి మాత్రం అప్పు చేసైనా కొనదగ్గ వస్తువు.

మిషనులో పెద్ద రహస్యమేమీ లేదు. స్టీలు జగ్గు, దాని అడుగున వేడెక్కే పలక, మూతలోనో అడుగునో మోటారు, దానికో బ్లేడు. తరిగిన కూరగాయలు, నీళ్ళు, ఉప్పు వేసి మీట నొక్కితే ఇరవై ముప్పై నిమిషాల్లో అదే ఉడికించి, అదే రుబ్బి పెడుతుంది. మెత్తగా కావాలంటే ఒక మీట, ముక్కలుగా కావాలంటే ఇంకో మీట. మామూలుగా లీటరు నుంచి లీటరున్నర దాకా పడుతుంది. కరెంటు ఖర్చుకు భయపడేవాళ్ళు భయపడనక్కరలేదు. వెయ్యి వాట్ల మిషను అరగంటసేపు ఆగకుండా కాలినా అర యూనిట్టే.

జమ్మలమడుగులో మా వదిన ఇంట్లో ఇది పనిచేయడం దగ్గరుండి చూశాను. నాలుగు టమేటాలు, ఒక క్యారెట్టు, ఒక ఎర్రగడ్డ, నాలుగు తెల్లగడ్డ పాయలు, కొన్ని మిరియాలు వేసింది. కాసేపు చడీచప్పుడూ లేదు. ఆ తర్వాత మోటారు గుర్రుమని తిరిగి ఆగింది, మళ్ళీ తిరిగింది. మూత తీస్తే విత్తనం, తోలు ఆనవాలు లేకుండా నున్నగా, చిక్కగా ఉంది. రంగు చూస్తే నోరూరింది. గుక్క తాగితే మాత్రం నూనెలో మగ్గని ఎర్రగడ్డ ఉడుకు వాసన గొంతు దాకా వచ్చింది. మా వదిన ఏమీ అనకుండా పొయ్యి వెలిగించి, చిన్న బాణలిలో చెనిక్కాయల నూనె కాచి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, కరివేపాకు వేసి చిటపటలాడగానే జగ్గులో కుమ్మరించింది. ‘ఇప్పుడు తాగు’ అనింది. ఆ వాసనకు పక్క గదిలోని పిల్లలు కూడా గ్లాసులు పట్టుకొని వచ్చినారు.

‘పొయ్యి ముట్టించే పని లేకుండా పోతాదని పంపించినాడు మావాడు. తిరగవాతకు ఎట్లాగూ ముట్టించాల్సిందే గదా వదినా’ అనింది. ఖరీదైన రకాల్లో అడుగు పలక మీదనే కాస్త నూనెలో ఎర్రగడ్డ మగ్గించుకునే వీలుంటుంది. అంత డబ్బు పోసినా ఆఖరున పెట్టే తిరగవాతకు బాణలి ఎక్కించక తప్పదు.

ఇక పప్పు సంగతి. మనకు సూపంటే ముందు పప్పే, చారే. కందిబ్యాళ్ళను ఈ మిషను సరిగా ఉడికించలేదు. దీంట్లో నీళ్ళు మామూలుగా మరిగే వేడి, అంటే వంద డిగ్రీలే. ప్రెషరు కుక్కర్లో అది దాదాపు నూటఇరవై దాకా పోతుంది. అందుకే కుక్కర్లో నాలుగు విజిళ్ళకు మెత్తబడే కందిబ్యాళ్ళు, ముందుగా నానబెట్టకపోతే మిషనులో అరగంటకు కూడా పలుకుగానే ఉంటాయి. పెసరబ్యాళ్ళు, మైసూరు పప్పు ఉడుకుతాయి. కానీ పప్పయినా పిండయినా అడుగుకు దిగి వేడి పలకకు అంటుకుంటుంది, మాడుతుంది. ఉలవకట్టు, రాగిజావ దీంట్లో పెట్టుకోవాలని ఆశపడేవాళ్ళు ఆ ఆశ వదులుకోవడమే మంచిది. మేక కాళ్ళ సూపు మాట ఎత్తనే వద్దు. బొక్కలు పడితే బ్లేడు గతి అంతే. ఎముక విరిగినవాళ్ళకు మన ఇండ్లలో కాచి పోసేది ఆ సూపే, దానికి గంటల తరబడి సన్న సెగ కావాలి.

ఉడకడం ఒక ఎత్తు, ఎనపడం ఒక ఎత్తు. పుల్లగూర పప్పును పప్పుగుత్తితో ఎనిపేటప్పుడు చూడండి. చెయ్యి ఆకు ఎక్కడ నలగలేదో వెతుక్కుంటూ పోతుంది. ఒక బ్యాడ పూర్తిగా కరిగిపోతుంది, ఇంకోటి సగమే చితుకుతుంది, పచ్చిమిరపకాయ చీలి కారం వదులుతుంది, ఆకు ఈనె కాస్త పంటికి తగిలేలా మిగులుతుంది. ఈ ఎగుడుదిగుడే సంగటి ముద్దకు పట్టు. ముద్ద తుంచి పప్పులో అద్దితే అంటుకొని పైకి రావాలి. బ్లేడు తిప్పిన పప్పు జారిపోతుంది. రుచిలో ఉప్పు, పులుపు అన్నీ సరిగ్గా ఉన్నా, తింటుంటే పథ్యం తిన్నట్టే ఉంటుంది.

ఇది మిషను తప్పు కాదు. అది పుట్టిన వంట వేరు. సూపు, పక్కన రెండు రొట్టె ముక్కలతో మధ్యాహ్న భోజనం అయిపోయే ఇంగ్లండు లాంటి చోట అది సరిగ్గా సరిపోతుంది. మిషన్లు వంటింట్లోంచి పుట్టినప్పుడే వంటింట్లో నిలుస్తాయి. 1960ల్లో బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజినీరు ఇంట్లో విదేశీ మిక్సీ మన వంట బరువు మోయలేక చెడిపోయింది. మన పప్పులు, మసాలాలు రుబ్బగలిగే మోటారుతో తానే ఒకటి చేద్దామని ఆయన పూనుకుంటే సుమీత్ మిక్సీ వచ్చింది. రోటి చుట్టూ తిరిగిన మన అమ్మల చేతులకు ఊపిరి పోసిన మిషను అది. చైనాలో పొద్దునపూట తాగే సోయాపాలను ఒకే జగ్గులో రుబ్బి కాచే మిషను 1990ల్లో వచ్చి, అక్కడి ఇండ్లలో అట్లాగే కుదురుకుంది. సూపు మిషనుదీ అదే పద్ధతి, ఒకే జగ్గులో వేడీ బ్లేడూ. బ్యాళ్ళు ఉడికించి, నున్నగా కాకుండా కచ్చాపచ్చాగా ఎనిపి, ఆఖరున ఆవాలు చిటపటలాడించే జగ్గును మన ఇంజినీర్లు ఎవరైనా చేస్తే ప్రొద్దుటూరు బజార్లో నేనే ముందు నిలబడి కొంటాను.

మరి అప్పు చేసైనా కొనమన్నది ఎందుకంటే, పులివెందులలో మా అత్తయ్య ఇంట్లో ఈ మిషను చేసే మేలు చూశాను. మామయ్యకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. నమలడమూ కష్టమే, మింగడమూ కష్టమే. ఇట్లాంటివాళ్ళకు పలుచటి నీళ్ళయినా, గట్టి పలుకయినా గొంతు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఎంత చిక్కగా పెట్టాలో డాక్టరు చెప్పినారు. ఆ చిక్కదనం మారకుండా, ఒక్క పలుకు మిగలకుండా రోజూ పూటపూటా చేతితో చేయడం మాటలు కాదు. మనిషిని పక్కమీద తిప్పాలి, గుడ్డలు మార్చాలి, మందులు వేయాలి, ఆ మధ్యలో వంట. అత్తయ్య మిషనులో నానిన పెసరబ్యాళ్ళు, సొరకాయ, క్యారెట్టు వేసి మీట నొక్కి మామయ్య దగ్గరికి పోతుంది. పొయ్యి దగ్గర నిలబడి కలిపే పని లేదు. అరగంట ఆమె చేతులు ఖాళీ. ఆ అరగంట విలువ రోగిని చూసుకునే ఆడవాళ్ళను అడగండి, చెప్తారు.

ఆమె చేసే ఇంకో పని నాకు బాగా నచ్చింది. నేతిలో జీలకర్ర, ఒక తెల్లగడ్డ పాయ, రెండు కరివేపాకు రెబ్బలు వేయించి, టీ వడకట్టే జాలీతో వడపోసి, ఆ నెయ్యి మాత్రమే సూపులో కలుపుతుంది. గింజ ఒక్కటి కూడా గొంతుకు అడ్డం పడదు, వాసన మాత్రం పూర్తిగా వస్తుంది. ‘ఏండ్ల తరబడి తిరగవాత తిన్న మనిషికి ఆస్పత్రి నీళ్ళు ఎట్లా పోయాలమ్మా?’ అంటుంది.

అట్లాంటి అవసరం లేనివాళ్ళు, ఎప్పుడో ఒకసారి టమేటా సూపు తాగాలనిపిస్తే, ఇంట్లో ఉన్న కుక్కరు, దానికి తోడు చేత్తో పట్టుకొని గిన్నెలోనే తిప్పే హ్యాండ్ బ్లెండరు చాలు. దాని ధర మిషను ధరలో చిన్న వంతు. ఎర్రగడ్డ కుక్కర్లోనే మగ్గించి, ఉడికించి, అందులోనే తిప్పుకోవచ్చు. మరిగే సూపును మూతపెట్టిన మిక్సీ జార్లో మాత్రం తిప్పకండి. ఆవిరి మూతను ఎగదన్ని ముఖం మీద చిమ్ముతుంది.

కొనేవాళ్ళు దుకాణంలో మూత తీయించి, లోపలికి చెయ్యి పోతుందో లేదో చూడండి. బ్లేడు కింద, పలక అంచున పట్టిన పప్పును కడగాల్సింది ఆ చెయ్యే. కరెంటు భాగాలు ఉండబట్టి జగ్గును నీళ్ళలో ముంచకూడదు, గిన్నెల తొట్టిలో వేయకూడదు. అడుగు పలక జగ్గుకే అతికి ఉంటుంది కాబట్టి, అది పోతే మన ఊరి మిక్సీ రిపేరు షాపులో బాగుకాదు. వారంటీ ఎన్నేండ్లు, సర్వీసు ఏ ఊర్లో అన్నది డబ్బు ఇవ్వకముందే అడగాలి. లోపల కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి. పై గీత దాటితే పొంగుతుంది, కింది గీతకు తగ్గితే మాడుతుంది. ఒక్క రోగి కోసమైతే లీటరుది తీసుకోండి. అయినా కింది గీత దాకా పోస్తే ఒక పూటకు మించే అవుతుంది. మిగిలినది చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, రాత్రికి బాగా మరగకాచి, గోరువెచ్చగా అయ్యాక పెట్టండి.